మూడు నిమిషాల బేరం కూపన్

దేశంలో సరుకుల ధరలను చివరికి ఎవరు నిర్ణయిస్తారనే విషయం మీద మేధావుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కొందరు ప్రభుత్వమంటారు, కొందరు వానలంటారు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో మాత్రం దీని మీద ఎన్నడూ చర్చ జరగలేదు. అక్కడ ఇరవై ఆరేళ్లుగా ఆ శాఖ కాశమ్మ చేతిలో ఉంది.

కాశమ్మ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన భిక్షపతి భార్య. బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. బేరంలో మాత్రం ఆమె చదవాల్సింది ఏమీ మిగల్లేదు. ఆమె పద్ధతి దుకాణదారులందరికీ తెలుసు, అయినా ఎవరూ తట్టుకోలేకపోయారు. ముందు ధర అడుగుతుంది. విన్నాక ఒక్కసారి నవ్వుతుంది. (రెండోసారి నవ్వితే అవతలి మనిషి నొచ్చుకుంటాడు.) సంచి కింద పెట్టి, దుకాణదారు తల్లికి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో కనుక్కుంటుంది. అప్పుడు తన ధర చెబుతుంది. కాదంటే సంచి తీసుకుని నాలుగు అడుగులు వేస్తుంది. నాలుగోది పడేలోగా వెనక నుంచి పిలుపు వచ్చేది. పక్కన భిక్షపతి ఉంటే అతని పని ఒక్కటే: ఆమె దగ్గగానే "పోదాం పా, ఉస్మాన్‌గంజ్‌ల ఇంకా అగ్గువ దొరుకుతది" అనడం. ముప్పై ఏళ్లు సిగ్నల్ చూసి కదిలిన మనిషి కాబట్టి ఒక్కసారీ తప్పలేదు.

పక్కింటి షాహెదా బేగం కొడుకు బిర్యానీ బండి పెట్టినప్పుడు, మసాలా సామాను కొనడానికి ఆమె ఆటో మాట్లాడి మరీ కాశమ్మను తీసుకెళ్లింది. ఆ రోజు ఏలకులు అమ్మినాయన చివరికి చాయ్ తెప్పించి, "అమ్మా, మళ్లీ రాకుండ్రి" అని చేతులు జోడించాడట. గల్లీలో కాశమ్మకు ఇంతకన్నా పెద్ద సన్మానం జరగలేదు.

ఆమె నెల సరుకులు తీసుకునేది లక్ష్మయ్య కిరాణా దుకాణంలో. అరగంట లొల్లి, ఆ తర్వాత లక్ష్మయ్య ఓడిపోవడం, ఓడిపోయాక తన పెద్ద గుప్పిటతో కొసరు పల్లీలు పొయ్యడం. ఇద్దరికీ ఇదే ఏర్పాటు.

ఇదిలా ఉండగా మెయిన్ రోడ్డు మీద అద్దాల సూపర్ మార్కెట్ ఒకటి తెరుచుకుంది. దానివాళ్లు ఇంటింటికీ కూపన్ల పుస్తకాలు పంచారు. లక్ష్మయ్య గిరాకీ సగమైంది. అప్పుడు ఆయన మేనల్లుడు దీక్షిత్, ఎంబీయే చదివి ఒక సంవత్సరం నుంచి ఇంట్లోనే ఉంటున్నవాడు, మామను రక్షించడానికి ముందుకొచ్చాడు.

వారం రోజుల్లో దుకాణానికి ఏసీ వచ్చింది, పేరు చివర మార్ట్ చేరింది. గోడ మీద ఒక ప్రకటన వెలిసింది: "వినియోగదారుల సౌకర్యార్థం నేటి నుండి బేరం రద్దు చేయడమైనది. తగ్గింపు కోరువారు కూపన్ సమర్పించవలెను."

కూపన్లకు నియమావళి ఉంది. గులాబీ కూపన్ బట్టల సబ్బుకు, మంగళవారం నుంచి గురువారం వరకు. నీలం కూపన్ నూనెకు, కానీ అదే రోజు గులాబీ వాడి ఉండకూడదు. పచ్చ కూపన్ ఎందుకు ఇస్తారో దీక్షిత్‌కు కూడా ఇంకా తేలలేదు. (ప్రస్తుతానికి దాచుకోమన్నాడు.) ఐదు వందల సరుకుకు ఒక కొసరు కూపన్. దాన్ని చూపిస్తే పల్లీలు ఒక ప్రామాణిక గుప్పెడు ఇస్తారు. ప్రామాణిక గుప్పెడు అంటే ముప్పై ఒక్క గ్రాములు. దుకాణంలోని చేతులన్నీ కొలిచి చూసి, వాటిలో చిన్నదైన దీక్షిత్ చేతిని ప్రమాణంగా తీసుకున్నారు.

మొదటి రోజే కాశమ్మ వచ్చింది. మంచినూనె ధర అడిగింది. విని ఒక్కసారి నవ్వింది. సంచి కింద పెట్టబోతే దీక్షిత్, "ఆంటీ, బ్యాగు బయట లాకర్‌ల పెట్టాలె," అన్నాడు.

"మీ అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి బిడ్డా?"

"మంచిగనే ఉన్నయి ఆంటీ. కూపన్ ఉందా?"

"నూట ముప్పైకి ఇయ్యి. ఇరవై ఆరేండ్ల సంది వస్తున్న."

"మీరు అడిగినా నేను తగ్గించలేను. సిస్టమ్ తీసుకోదు."

"సిస్టమ్‌ను పిలువు, నేను మాట్లాడ్త."

దీక్షిత్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి చూపించాడు. అందులో మాట్లాడే మనిషి ఎవరూ కనబడలేదు. గల్లా పక్కన కూర్చున్న లక్ష్మయ్య వైపు చూసింది. లక్ష్మయ్య ఏసీ వైపు చూశాడు.

కాశమ్మ నాలుగు అడుగులు వేసింది. ఎవరూ పిలవలేదు. నాలుగో అడుగు మీద అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఐదో అడుగు వేయాల్సిన అవసరం ఆమెకు రాలేదు, అది ఎటు వేయాలో ఆలోచించుకోలేదు. చల్లటి గాలి పోతోందని దీక్షిత్ వచ్చి తలుపు వేసుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో నూనె లేని పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. భిక్షపతి ఏమీ అడగలేదు, ఆమె దగ్గలేదు కాబట్టి.

సరే, లోకం ఎటు పోతే అటే అనుకుని కాశమ్మ కూపన్ల విద్య మొదలుపెట్టింది. ఎదురింటి బేబీ ఆమె ఫోన్లో మార్ట్ యాప్ ఎక్కించింది. యాప్ ముందుగా ఆమె రోబో కాదని నిరూపించుకోమంది. బస్సులున్న బొమ్మలన్నీ నొక్కమంది. కాశమ్మ జాగ్రత్తగా చూసి, "గిది బస్సు కాదు బేబీ, డీసీఎం లారీ," అంది. యాప్ ఒప్పుకోలేదు. మూడుసార్లు ఓడిపోయాక ఆమె డీసీఎంను బస్సుగా అంగీకరించింది, యాప్ ఆమెను మనిషిగా అంగీకరించింది.

నెలాఖరుకు లెక్క చూస్తే కూపన్ల వల్ల పద్నాలుగు రూపాయలు మిగిలాయి. వాటి కోసం మూడు సీసాల బాత్రూం క్లీనర్ కొనాల్సి వచ్చింది.

"మనకున్నది ఒక్క బాత్రూమే గదనే," అన్నాడు భిక్షపతి.

"మూడు కొంటెనే తెల్ల కూపన్ వస్తది."

"అది దేనికి?"

"నాలుగో సీసాకు."

పద్నాలుగు రూపాయల సంగతి ఆమెను బాధించలేదు. పిలుపులు ఆగిపోవడం బాధించింది. ఒకనాడు షాహెదా బేగం ఆటో ఎక్కుతూ కనబడింది. కాశమ్మ చెప్పులు వేసుకుని గడప దాటి, "వస్తున్న ఆపా, ఆగు," అంది. షాహెదా బేగం మొహమాటంగా ఫోను ఎత్తి చూపింది. "నై కాశమ్మా, కూపన్ హై నా. ఆప్‌కో కైకో తక్లీఫ్, మీకెందుకు శ్రమ." ఆటో వెళ్లిపోయింది. కాశమ్మ చెప్పులు విడిచి, వాటిని మళ్లీ వరసగా పెట్టి, లోపలికొచ్చింది.

మరునాడు ఆమె మార్ట్ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసింది. కాసేపు సంగీతం వినిపించాక ఒక గొంతు కాగితం చూసి చదివినట్టు పలికింది: "లక్ష్మయ్య మార్ట్‌కు స్వాగతం. నేను తగ్గింపు ఫిర్యాదుల పరిష్కార అధికారిని మాట్లాడుతున్నాను. మీ కాల్ మాకు ఎంతో విలువైనది."

"లక్ష్మయ్యన్నా?"

అవతల గొంతు తగ్గింది. "చెల్లే, జర మెల్లగ. రికార్డ్ అయితుంది."

"యాడున్నవ్?"

"ఎన్క బియ్యం బస్తాల కాడ కుర్సీ ఏసిండు. గల్లా కాడ కూసుంటే నేను ఊకె తగ్గిస్తున్న అంట."

"మంచిగున్నవా మరి?"

"ఏం మంచి చెల్లే. పొద్దుందాక ఒక్కరు గూడ నన్ను దొంగ అంటలేరు. వస్తరు, ఫోన్ చూపిస్తరు, పోతరు. మనసున పడ్తలేదు."

కాశమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుని, "మంచినూనె ఎంత?" అంది.

"నూట యాభై రెండు."

ఆమె ఒక్కసారి నవ్వింది. "దొంగ సచ్చినోడా."

"గట్ల అను చెల్లే!" అన్నాడు లక్ష్మయ్య, బియ్యం బస్తాల మధ్య నిటారుగా కూర్చుని.

పదకొండు నిమిషాలు సాగింది. ఆయన తన పిల్లల్ని రోడ్డున పడేయమన్నాడు. ఆమె తన మొగుడి పింఛను చెప్పింది. ఆయన ఏసీ కరెంటు బిల్లు చెప్పాడు. చివరికి నూట నలభై మూడు దగ్గర ఇద్దరూ సంతోషంగా తిట్టుకుని ఫోన్ పెట్టేశారు.

ఆ రికార్డింగ్ దీక్షిత్ విన్నాడు. అతనికి కోపం రావాల్సింది. కానీ అతను చదివిన చదువులో కోపానికి ముందు గ్రాఫు వస్తుంది. అద్దాల సూపర్ మార్కెట్లో మనిషి కౌంటర్ దగ్గర నిలబడేది నలభై సెకన్లు. ఈవిడ ఒక్క నూనె ప్యాకెట్టుతో పదకొండు నిమిషాలు ఉంది, పైగా ఆనందంగా ఉంది. బేరం ఖర్చు కాదనీ, అది కూడా ఒక సరుకేననీ అతనికి ఆ రోజు అర్థమైంది.

మరుసటి సోమవారం గోడ మీద కొత్త ప్రకటన: "ప్రజల కోరిక మేరకు బేరం పునరుద్ధరించడమైనది. వెయ్యి రూపాయల కొనుగోలుపై ఒక బేరం కూపన్. కాలపరిమితి మూడు నిమిషాలు. శనివారం మాత్రమే, కౌంటర్ నంబర్ రెండు. తల్లిదండ్రుల ఆరోగ్యం గురించిన పరామర్శ సమయం కూడా ఇందులోనే లెక్కించబడును." బేరానికి చోటుండాలి కాబట్టి సరుకుల ధరలన్నీ కొద్దిగా పెంచారు.

మొదటి శనివారం కౌంటర్ రెండులో లక్ష్మయ్యను కూర్చోబెట్టారు. ఆయన మనుషుల్ని చూసిన సంతోషంలో ఇరవై సెకన్లకే అందరికీ సగం ధరకు ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి ఆయన్ను బియ్యం బస్తాల దగ్గరికి తిరిగి పంపించారు. సాయంత్రం దీక్షిత్ కాశమ్మ ఇంటికి వచ్చాడు.

"ఆంటీ, మా దిక్కు కూసోండ్రి. సీనియర్ బేరం అధికారి. నెలకు తొమ్మిది వేలు."

కాశమ్మ ఒక్కసారి నవ్వింది.

పద్నాలుగు వేలు, ఒక తిరిగే కుర్చీ, పొద్దున మాపు చాయ్, లక్ష్మయ్య కూర్చునేది ఆమె పక్కనే. ఇలా ఖాయమైంది. మధ్యలో ఆమె దగ్గింది, "పోదాం పా" అన్నాడు భిక్షపతి, సొంత ఇంట్లోనే కూర్చుని.

గల్లీకి మళ్లీ కళ వచ్చింది. శనివారం పొద్దున ఏడింటికే లైను. షాహెదా బేగం మంచి బుర్ఖా వేసుకుని వచ్చింది. బేబీ రెండు బేరం కూపన్ల కోసం మూడు నెలల సర్ఫు కొనేసింది. వచ్చినవాళ్లంతా కాశమ్మ దగ్గర నేర్చుకున్న విద్యనే కాశమ్మ మీద ప్రయోగించారు. నవ్వారు, మోకాళ్లు అడిగారు, అడుగులు వేశారు. ఆమె చాయ్ తాగుతూ ఎవరు ఎన్నో అడుగు దగ్గర వెనక్కి తిరుగుతారో చూసేది. పక్కన లక్ష్మయ్య మాత్రం "పోనీ ఇద్దాం చెల్లే" అని గొణిగేవాడు. ఆమె వినిపించుకునేది కాదు. లక్ష్మయ్యను వారం వారం పదిమంది దొంగ అంటున్నారు కాబట్టి ఆయన ఆరోగ్యం కుదుటపడింది.

నెల తిరిగేసరికి యాప్‌లో మార్ట్‌కు ఐదుకు నాలుగున్నర చుక్కలు వచ్చాయి. "బేరం మస్తుగున్నది" అని రాశారు జనం. మెయిన్ రోడ్డు సూపర్ మార్కెట్ మేనేజరు కూడా ఒక శనివారం లైన్లో నిలబడి చూసి వెళ్లాడని చెప్పుకున్నారు.

ఆ పై శనివారం భిక్షపతి కూడా వెయ్యి రూపాయల సరుకు కొని, కూపన్ పట్టుకుని లైన్లో నిలబడ్డాడు. తన వంతు రాగానే నూనె ప్యాకెట్టు కౌంటర్ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. మూడు నిమిషాలు చెమటలు పట్టేలా బేరమాడి, మూడు రూపాయలు తగ్గించుకున్నాడు.

మాపటి వేళ అన్నం పెడుతూ కాశమ్మ చెప్పింది, "ఇంటి మనిషివని నీకు మూడు తగ్గించిన. అందరికి రెండే. గానీ ముందుగాల పన్నెండు పెంచిండ్రు, అది యాద్ పెట్టుకో."

భిక్షపతి ముద్ద చేత్తో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. తొమ్మిది రూపాయలు నష్టమని తేలింది. మళ్లీ ఒకసారి లెక్క చూసుకున్నాడు, తొమ్మిదే వచ్చింది.

మరునాడు పొద్దున స్టేషన్ దగ్గర చాయ్ బండి మీద, గల్లీ మొత్తంలో మూడు రూపాయలు తగ్గించుకున్న మొనగాడు తానొక్కడేనని అందరికీ చెప్పాడు.