సగం విన్న ఉపన్యాసం

మీరంతా నా పొట్ట చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు గానీ, ఇది అల్లాటప్పా పొట్ట కాదండీ. శాస్త్ర పరిశోధనకు అంకితమైన పొట్ట. ఎలాగంటారా? వినండి మరి.

మా ఆవిడ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. గాజు గిన్నెల్లో కణాల్ని పెంచి, అవి కొవ్వును ఎలా ఖర్చుపెట్టుకుంటాయో చూస్తుంటుంది. ఎక్కడైనా ఉపన్యాసం ఇవ్వాల్సొస్తే ముందు నాకు అప్పజెబుతుంది. నేను సోఫాలో జారబడి, శ్రద్ధగా కళ్లు మూసుకుంటాను.

ఆ రోజు మాత్రం మొదటి సగం మెలకువగానే ఉన్నాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ చిన్న చిన్న కొలుములు ఉంటాయట. కొవ్వు అందులో పడితే కాలి శక్తి అవుతుందట. అయితే అది తనంతట తాను లోపలికి పోలేదట. కార్నిటిన్ అనే పదార్థం కూలీలాగా దాన్ని మోసుకెళ్లి కొలిమిలో దింపాలట. ఆ మాట చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే నిద్ర కూడా వచ్చింది.

సరిగ్గా చప్పట్ల వేళకి లేచి, "అద్భుతం! ఒక్క ముక్క వదలకుండా విన్నాను" అన్నాను.

"గురక పెడుతూ విన్నారా?" అంది మా ఆవిడ.

"అది తన్మయత్వం."

నా ప్రాణం ఎందుకు లేచొచ్చిందో చెప్పాలి. మా ఇంటికి వచ్చి ఉన్న మా అత్తగారు రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ రిటైరయ్యారు గానీ మెళ్లో విజిలు రిటైరవలేదు. రోజూ తెల్లారగట్ల ఆరు కిలోమీటర్లు నడుస్తారు. వస్తూనే నా పొట్టను ఎగాదిగా చూసి, "రేపట్నించి నాతో నడకకి రండి అల్లుడుగారూ" అన్నారు.

ఏడింటి దాకా పడుకోవడంకన్నా నాకు ఈ లోకంలో ప్రియమైంది లేదు. అందుకే రోషం తెచ్చుకున్నాను. "నడక అక్కర్లేదండీ. ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న ప్యాంటుంది. నెల తిరిగేసరికి దాని బొత్తాం పెట్టి చూపిస్తా. పెడితే నా నిద్ర జోలికి ఎవరూ రాకూడదు. పెట్టలేకపోతే మీరు ఎంత దూరమంటే అంత దూరం!"

మర్నాడే కసరత్తు సామాన్ల కొట్లో కార్నిటిన్ పొడి డబ్బా కొని, బూట్ల అలమరాలో పాలిష్ డబ్బాల వెనక దాచాను. ఉన్న కూలీలకి ఇంకో వందమందిని తోడిస్తే, నేను పడుకుని ఉన్నా పని జరిగిపోతుంది కదా! డబ్బా మీద రోజుకో చెంచా అని రాశారు. అది మామూలు పొట్టలకు లెండి. నేను నాలుగు వేసుకున్నాను.

పదిహేనో రోజుకి ఆఫీసులో నా పక్క సీటాయన కిటికీలన్నీ తెరిచాడు. ఆయన్ని మేం ముక్కు మాస్టారు అంటాం. "ఎక్కడో చేపల బుట్ట మర్చిపోయారండీ" అని బీరువాల వెనక వెతికాడు. నేనూ పాపం ఆయనతో కలిసి వెతికాను.

సాయంత్రం ఇంటికొస్తుంటే పక్కింటి పిల్లి నా వెంటపడింది. జన్మలో నాకేసి చూడని పిల్లి, నా కాళ్లకు రాసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

మా ఆవిడ పిల్లినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "బయట చేపలేమైనా తిన్నారా?"

"ఛ ఛ! జంతువులకి నేనంటే ప్రేమ."

"ఇన్నాళ్లూ లేనిది ఇవాళే పుట్టుకొచ్చిందా?"

"ప్రేమ ఎప్పుడు పుడుతుందో ఎవరికి తెలుసు?" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మా ఆవిడ ఊరుకుందంటే జాగ్రత్తపడాలని పెళ్లయిన ఇన్నేళ్లలో నేర్చుకోలేకపోయాను.

మరో నాలుగైదు రోజులకి వాసన పోయింది. పిల్లీ పోయింది. పొడి అప్పటికే నాలుకకి తియ్యగా తగులుతోంది. ఫలితం దగ్గరపడితే మందు కూడా తియ్యనవుతుంది కాబోలు అనుకున్నాను. ఒంట్లో గుర్రం పరిగెడుతున్నట్టే ఉంది. అద్దం ముందు కండలు కూడా వెతుక్కున్నాను.

గడువు రోజు వచ్చింది. అందరి ముందూ ఊపిరి బిగబట్టి ప్యాంటు బొత్తాం పెట్టాను. పెట్టాను సుమండీ! ఆ ఊపిరి వదలడమే పొరపాటైంది. బొత్తాం ఎగిరి అత్తగారి టీ కప్పులో పడింది.

ఆవిడ చెంచాతో దాన్ని తీసి సాసర్లో పెట్టి, "రేపు అయిదింటికి" అన్నారు.

ఇక దాచి లాభం లేదని డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. "అత్తగారూ, ఇదిగో కార్నిటిన్! పని చేస్తోందండీ, ఈ పదిహేను రోజులుగా ఒంట్లో ఎంత హుషారో! ఇంకొక్క పదిహేను రోజులు గడువివ్వండి."

"పదిహేను రోజులుగా అందులో ఉన్నది గ్లూకోజు" అంది మా ఆవిడ తాపీగా.

"ఎవరు పోశారు?"

"నేనే. పిల్లి వచ్చిననాడే డబ్బా దొరికింది. మీరు నిద్రపోయిన రెండో సగంలో అదే చెప్పాను. కావలసిన కూలీల్ని ఒళ్లే తయారు చేసుకుంటుంది. పుట్టుకతోనే కార్నిటిన్ లోపమున్న పిల్లలకి ఈ మందు ప్రాణం పోస్తుంది. మీకు లోపం కూలీలు కాదు, కొలిమికి పని. అదనంగా మింగినదాన్ని పేగుల్లో సూక్ష్మజీవులు తింటే పుట్టేదే ఆ చేప వాసన."

"దొరికిననాడే చెప్పొచ్చుగా!"

"ప్రయోగశాలలో కార్నిటిన్ వేసిన గిన్నె ఒకటీ, వెయ్యని గిన్నె ఒకటీ పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం. ఇంట్లో నాకున్నది ఒక్కటే గిన్నె. అందుకని సగం రోజులు అదీ, సగం రోజులు ఇదీ."

"మరి తేడా?" అని అడక్కుండా ఉండలేకపోయాను.

"వాసన పోయింది. పొట్ట రెండు కిలోలు పెరిగింది. హుషారంటారా, అది మీ సొంతం."

మర్నాడు అయిదింటికి విజిలు మోగింది. రెండో మలుపు దగ్గర నేను గోడ పట్టుకుని రొప్పుతుంటే, గోడ మీది పిల్లి మొహం తిప్పుకుంది. "కూలీలు పనిలోకి దిగినట్టున్నారే!" అన్నారు అత్తగారు, ఆగకుండానే.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ కాగితాలు పట్టుకుని గుమ్మంలో ఉంది. "సాయంత్రం ఇంకో ఉపన్యాసం అప్పజెప్పాలి. ఈసారి మీకోసం రెండో సగం ముందు చెబుతాను."

ఆ సాయంత్రం నేను రెప్ప వాల్చలేదండీ. విజిలు నోట్లో పెట్టుకుని అత్తగారు నా పక్కనే కూర్చున్నారు.