తోమాసు గెలుపు

2004 డిసెంబరులో ఒక శనివారం పొద్దున్నే తోమాసు రెండు సంచులు మోసుకుంటూ రేపల్లె స్టేషన్లో రైలెక్కాడు. ఒకటి తనది, రెండోది అన్న జ్ఞానానందానిది. ఆ రోజు బాపట్లలో రిటైరైనవాళ్ళకు పరుగుపందేలు. తెనాలిలో రైలు మారి, పదింటికి పేర్లిచ్చి, పదకొండింటికి ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది ప్లాను. అందులో తోమాసు పైకి చెప్పని భాగం ఒకటుంది. అన్నను ఓడించడం.

లైన్‌మన్‌గా పనిచేసినన్నాళ్ళూ తోమాసు గెలిచిన కప్పులు బీరువాలో పట్టక, భార్య సారా కొన్నింట్లో కందిపప్పు పోసి పెట్టింది. కానీ అన్న ఉన్న పందెంలో మాత్రం అతనెప్పుడూ రెండోవాడే. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన అన్నకు ఈమధ్య మోకాలు నొప్పి మొదలైంది. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ దొరకదు. అన్నంటే ప్రాణమే, అది వేరే సంగతి.

బాపట్ల మైదానంలో పేర్లు రాసుకుంటున్న బాలస్వామి ఇద్దరి ఎస్సెల్సీ సర్టిఫికెట్లూ చూశాడు.

"తోమాసు గారు అరవై నిండినవాళ్ళలోనండి. జ్ఞానానందం గారు అరవై లోపు. మీ పందేలు వేరు."

వాళ్ళను బళ్ళో వేసిననాడు పుట్టిన తేదీలు తండ్రికి గుర్తులేవు. హెడ్మాస్టరే పెద్దవాడు ఆలస్యంగా చేరాడని రెండేళ్ళు తగ్గించి, చిన్నవాడు ఏపుగా ఉన్నాడని రెండేళ్ళు కలిపి రాసుకున్నాడు. ఆ లెక్కన అన్నకంటే తమ్ముడు ఏడాది పెద్ద. తమ్ముడే ముందు రిటైరైనప్పుడు కూడా ఇంట్లో ఎవరూ వింతగా చూడలేదు. పరుగుపందెంలో ఇది అడ్డొస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తోమాసు బల్ల మీదికి వంగాడు.

"అయ్యా, ఈయన నాకంటే మూడేళ్ళు పెద్దండి! ఆ కాగితాలు తప్పండి!"

"తప్పా?" బాలస్వామి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మరి ఉద్యోగాలు చేసింది ఈ కాగితాల మీదేనా అండి?"

జ్ఞానానందానికి పెన్షన్ కళ్ళముందు మెదిలింది. ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు నిజమే చెప్పాలని నేర్పిన మనిషి చటుక్కున తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

"తప్పేం లేదు సార్. మా అన్నయ్యకి ఎండదెబ్బ తగిలింది. నువ్వు కూర్చో అన్నయ్యా!"

డిసెంబరు ఎండ అంతటిదని బాలస్వామికి నమ్మకం కలగలేదు. వాళ్ళమీద ఒక కన్నేసి ఉంచాడు. దాంతో జ్ఞానానందం వేషం దించలేకపోయాడు. తమ్ముడికి మంచినీళ్ళు తెచ్చాడు, సంచులు రెండూ మోశాడు, చివరికి వంగి బూటు లేసులు కూడా కట్టాడు.

"ఏంటన్నయ్యా ఇది!" తోమాసు ఏడుపు గొంతుతో అన్నాడు.

"నోర్ముయ్ రా... అన్నయ్యా!" అన్నాడు జ్ఞానానందం.

ఈ సేవలు చూసి మైకు దగ్గరున్నాయన కరిగిపోయాడు. "ఈ రోజుల్లో ఇలాంటి తమ్ముడా!" అంటూ జ్ఞానానందం పేరు మైదానమంతా మోగించాడు. అరవై లోపువాళ్ళలో జ్ఞానానందం ఒక్కడే పేరిచ్చాడని తేలడంతో, రెండు పందేలూ కలిపి పెట్టేశారు. తోమాసుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

పందెం మొదలైంది. మొదటి చుట్టంతా అన్నే ముందు. రెండో చుట్టులో కాలేజీ పిల్లలు "తమ్ముడూ! తమ్ముడూ!" అని కేకలు పెట్టారు. అవి తనకేననుకున్న తోమాసు రెచ్చిపోయాడు. అవి తనకని తెలిసిన జ్ఞానానందం పళ్ళు బిగించాడు. ఆఖరి మలుపులో తమ్ముడు అన్నను దాటాడు. రెండడుగుల తేడాతో గెలిచి, గట్టు మీద కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. యాభై ఏళ్ళ కోరిక మరి.

బహుమతులివ్వడానికి ఒక రిటైరైన ప్రిన్సిపాలు గారొచ్చారు. తోమాసు మెడలో పతకం వేసి, మైకందుకున్నారు.

"గెలుపు చేతిలో ఉండి కూడా, అన్నగారి పరువు కోసం ఆఖరి మలుపులో ఆగిపోయాడు ఈ తమ్ముడు! పిల్లలూ, చూసి నేర్చుకోండి!"

శాలువా జ్ఞానానందానికి కప్పారు. మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. తోమాసు ఏదో చెప్పబోయాడు. బల్ల దగ్గర్నుంచి బాలస్వామి చూస్తున్నాడు. తోమాసు కూడా చప్పట్లు కొట్టాడు.

తెనాలిలో అన్నదమ్ములు రైలు మారారు. రేపల్లె రైల్లో కూర్చున్నాక తోమాసు ఉండబట్టలేకపోయాడు.

"నిజం చెప్పు. కావాలనే వదిలేశావా?"

ఆఖరి మలుపులో ఎంత ప్రాణం పెట్టి పరిగెత్తాడో జ్ఞానానందం మోకాలికి తెలుసు. ఆయన దాన్ని శాలువాతో కప్పుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"అంత పెద్దాయన మైకులో చెప్పాక, మనం కాదంటే ఏం బావుంటుందన్నయ్యా."