రెండో టేకు లేని సినిమా

ఆ రోజు పొద్దున ప్రొడక్షన్ మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం అయిదులోగా, తన సొంత ఇంటి ముందుగదిలో, దయ్యం సినిమాకి ఒక చావు సీను తీసేయాలి. అంతే.

కంపెనీ అంటే రెండు గదులు, ఒక ఫ్యాను, ఒక నిర్మాత. ఆయన్ని వెనకాల అందరూ కత్తెర అంటారు. ఈ సీనుకి మేనేజరు రాసుకెళ్లిన బడ్జెట్ కాగితంలో ఆయన అద్దె ఇంటిని కొట్టేశాడు, శవం వేషానికి రాసిన నటిని కొట్టేశాడు, చుట్టూ ఏడ్చే ఇరవై మందినీ కొట్టేశాడు. రెండో టేకుని మాత్రం కొట్టేయలేదు. అది ఆ కంపెనీ కాగితాల్లో ఎప్పుడూ ఉండదు. "దయ్యం ఒక్కసారే భయపెట్టాలయ్యా. రెండోసారికి నవ్వొస్తుంది," అనేవాడాయన.

అలా ఇల్లూ సొంతమే అయింది, శవమూ సొంతమే అయింది. డెబ్భై ఎనిమిదేళ్ల తల్లిని శవంగా పడుకోమని అడగడానికి మేనేజరు రెండు రోజులు ఆవిడ మంచం చుట్టూ తిరిగాడు. ఆవిడ తేలిగ్గానే తీసుకుంది.

"పడుకోవడమేగా, రోజూ చేసే పనే. ఈ సినిమా పెద్దాడు చూస్తాడంటావా?"

పెద్దాడు మేనేజరుకి అన్న. ఊళ్లోకి వచ్చిన దయ్యం సినిమా ఒక్కటీ వదలడు. కాని ఈ ఇంటితో మాట్లాడి తొమ్మిదేళ్లయింది. తండ్రి పోయిన రోజు మేనేజరు షూటింగులో ఉన్నాడు. సౌండు రికార్డింగు కోసం ఫోను ఆపేశాడు. అన్నకి కబురు ఆలస్యమైంది. వచ్చేసరికి అంతా అయిపోయింది. మళ్లీ అమ్మ పోయినరోజే ఈ గడప తొక్కుతానని చెప్పి వెళ్లిపోయాడు.

"చూస్తాడమ్మా," అన్నాడు మేనేజరు.

"అయితే మొహం మీద దుప్పటి కప్పొద్దని చెప్పు."

ఇక శవవాహనం. సినిమాలకి బళ్లు అద్దెకిచ్చేవాడు చెప్పిన ధరలో సగానికే అసలు శవవాహనం దొరుకుతుందని మేనేజరు కనిపెట్టాడు. మోసేవాళ్లు నలుగురు ఉచితం. ఫోనులో ఒక ఫారం నింపాలి. పోయినవారి పేరు, వయసు అడిగింది. ముందురోజే అమ్మ మందుల కోసం అలాంటి ఫారమే నింపాడు కాబట్టి వేళ్లు వాటంతటవే నడిచి అమ్మ పేరూ వయసే కొట్టేశాయి. దగ్గరి బంధువుల నంబర్లు రెండు అడిగింది. ఒకటి తనది. తొమ్మిదేళ్లుగా ఒక్కసారి నొక్కకపోయినా కంఠతా వచ్చిన రెండో నంబరు అన్నదే. ఇవన్నీ ఎవరు చదువుతారులే అనుకున్నాడు.

శవవాహనం వాళ్లు చదివారు. బండి బయల్దేరే ముందు రెండు నంబర్లకీ సంతాప సందేశం పంపడం వాళ్ల పద్ధతి. సౌండు రికార్డింగు కోసం మేనేజరు ఫోను ఆపేసి ఉంది.

పదింటికి బండి గుమ్మం ముందు ఆగింది. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి చూసింది. శవవాహనం, చేతులు కట్టుకుని నిలబడ్డ నలుగురు, లోపల తెల్ల దుప్పటి, ముసలావిడ. ఇంకేం అడుగుతుంది? నోటికి కొంగు అడ్డుపెట్టుకుని, దారిలో నాలుగిళ్లకి చెప్పి మరీ వచ్చింది. శవం పక్కన కూర్చుని ఏడ్చే పని మేనేజరు భార్యది, అదీ ఉచితమే. కంట్లో వేసిన గ్లిజరిన్ మంటకి ఆవిడ కళ్లు తెరవలేకపోతోంది. "ఎప్పుడమ్మా?" అని ఎవరో భుజం పట్టుకుని అడిగితే డైలాగు వచ్చిందనుకుని, రాసిచ్చినట్టే "తెల్లవారుజామున" అంది. అరగంటలో వీధంతా గదిలో ఉంది. కెమెరా కంటపడ్డవాళ్లు ఆఖరి చూపు వీడియో తీయిస్తున్నారనుకున్నారు.

దర్శకుడు మేనేజరు చెవిలో అడిగాడు. "ఈ జనం ఎక్కడ దొరికారు? ఎంత ఇస్తున్నాం?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండానే ఇంత బాగా ఏడుస్తున్నారా?"

మేనేజరు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఖర్చు చూసుకోవడానికి వచ్చిన కత్తెర, మూలనుంచి తల ఊపి మెచ్చుకున్నాడు. మేనేజరు నోరు మూసేశాడు. పొద్దున దేవుడి ముందు, నా నోట అబద్ధం రానీయకు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నవాడే. ఇప్పుడు తను అసలు మాట్లాడటమే లేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. దేవుడు ఆ తేడా పట్టించుకుంటాడో లేదో మనకి తెలియదు.

అప్పుడు అన్న వచ్చాడు. ఒక కాలికే చెప్పు ఉంది. అతను దీపాలు చూడలేదు, కెమెరా చూడలేదు. తిన్నగా వెళ్లి తల్లి పాదాల మీద తల పెట్టాడు.

"అమ్మా," అన్నాడు. పాదాలు రెండూ చేతుల్తో పట్టుకున్నాడు. "నాన్నప్పుడు తప్పు తమ్ముడిది. నీ మీద కోపం ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు. ప్రతి ఆదివారం ఈ వీధి చివరిదాకా వచ్చి వెనక్కెళ్లిపోయేవాణ్ణమ్మా."

మేనేజరు అడుగు ముందుకేశాడు. కత్తెర అతని చొక్కా పట్టుకుని ఆపాడు. కట్ అనేదాకా కదలొద్దని తల్లికి చెప్పి ఉంచారు. దర్శకుడు కట్ అనలేదు. మూసిన కంటికొసనుంచి పౌడరు మీదుగా ఒక తడి గీత కిందికి దిగింది. శవం ఏడవడం దయ్యం సినిమాకి మంచిదే అనుకుని కెమెరామన్ ఇంకా దగ్గరికి జరిగాడు.

ఆవిడ ఆగలేకపోయింది. లేచి కూర్చుని, పెద్దకొడుకు తల మీద చెయ్యి వేసింది.

"ఒంటి చెప్పుతో నడిచొచ్చావేంట్రా?"

వీధి వీధంతా ఒక్క అరుపు అరిచి బయటికి పరిగెత్తింది. అందరికంటే ముందు పరిగెత్తింది రోజుకి నాలుగు శవాలు మోసే ఆ నలుగురే. బండి వాళ్లకోసం ఆగలేదు.

అన్న మాత్రం కదల్లేదు. తల మీది చేతిని చూశాడు. దీపాల్ని, కెమెరాని చూశాడు. చివరికి తమ్ముణ్ణి చూశాడు.

"నాన్నప్పుడు ఆలస్యంగా చెప్పావు. అమ్మప్పుడు ముందే చెప్పేశావు," అన్నాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తల్లి పిలిచింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అంత అరుపు డబ్బు పెట్టి కొన్నా దొరకదని కత్తెర మురిసిపోతున్నాడు. గుమ్మం బయట పడి ఉన్న చెప్పులన్నీ జనం వదిలి పారిపోయినవి. తల్లి మంచం మీదే కూర్చుని, చేతికంటిన పౌడరు చీరకి తుడుచుకుంటూ గుమ్మం వైపే చూస్తోంది. కాసేపటికి మేనేజరుని దగ్గరికి పిలిచింది.

"సరిగ్గా రాలేదు కదూ. మధ్యలో లేచిపోయాను. మళ్లీ తీద్దాం అను. ఈసారి కదలకుండా పడుకుంటాను."

బడ్జెట్ కాగితంలో దానికి చోటు లేదు.