ఏట్లో పోయిన అయ్యవారు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, మాఘమాసంలో ఒక ఆదివారం. ఆదోని హైస్కూల్లో చరిత్ర చెప్పే వెంకోబారావు పొద్దున్నే ఒక పథకం వేశాడు. మంత్రాలయంలో బస్సు దిగి తుంగభద్ర ఒడ్డు వెంబడి ఎగువకు నడవాలి. బండల మీద పాత రాతలు వెతకాలి, పిట్టలను చూడాలి. భార్య దేవకి చిత్రాన్నం మూటతో వెంట నడిచింది.

మధ్యాహ్నం ఆమె చింతచెట్టు నీడలో మూట విప్పుతుండగా, వెంకోబారావుకు బండల నడుమ రెండు నీటికుక్కలు ఆడుకుంటూ కనిపించాయి. చెప్పులు ఒడ్డున విడిచి, పంచె ఎగగట్టి, వాటి వెనకే వంపు తిరిగిపోయాడు.

భోజనానికి పిలవడానికి వచ్చిన దేవకికి మడుగు పక్కన చెప్పులు మాత్రమే కనిపించాయి. ఆమె పెట్టిన కేకకు వేరుశనగ బుడ్డల చేలో కలుపు తీస్తున్న హనుమంతమ్మ పరుగున వచ్చింది. కాసేపటికి ఊరంతా ఒడ్డున ఉంది. దేవకి ఆయన ఆనవాళ్లు చెప్పి సొమ్మసిల్లితే ఆడవాళ్లు ఊళ్లోకి మోసుకుపోయారు.

వెంకోబారావు పొలాలకు అడ్డంపడి తిరిగొచ్చేసరికి చెట్టు కింద భార్య లేదు. జనంలో ఉందేమో అనుకున్నాడు.

"ఏమైందప్పా?" అని గుండ్రటి పుట్టి పడవను నీళ్లలోకి దింపుతున్న మారెప్పను అడిగాడు.

"ఎవరో అయ్యవారు ఏట్లో పోయినాడంట. యాభై ఏండ్ల మనిషంట. బట్టతల, ఇంత పొట్ట."

నలభై రెండేళ్ల వెంకోబారావు ఆ ముసలాయన మీద జాలిపడ్డాడు. తన వృత్తివాడే కదా! పుట్టి ఎక్కి, గడ పుచ్చుకుని, చెమటలు కారేలా మడుగంతా గాలించాడు. ఎవరూ దొరకలేదు. దిగులుగా ఒడ్డుకొచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"అయ్యో, సచ్చినాయన సెప్పులు ఎత్తకపోతాండాడు!" అని హనుమంతమ్మ అరిచింది. మారెప్ప చొక్కా పట్టుకున్నాడు.

"ఇవి నావే!"

"నీవైతే సచ్చింది నువ్వే కదప్పా?"

 వెంకోబారావు చేయి మెల్లగా నెత్తి మీదికి పోయింది. బట్టతల తడిమి చూసుకున్నాడు. 

అప్పుడే ఇద్దరు ఆడవాళ్ల మీద ఆనుకుని దేవకి వచ్చింది. ఆయన్ని చూసి ఇసుకలోనే కూలబడి భోరుమంది.

"ఇంతసేపూ యాడికి పోయినారు?"

"నన్ను వెతకనీకే పోయినా," అన్నాడాయన. ఆమె పక్కనే చతికిలబడి, మెల్లగా, "నాకు యాభై అని సెప్పినావా?" అని అడిగాడు.

"బతికినారు కదా, ఎన్నయితే ఏం!" అంటూ ఆమె ఏడుస్తూనే నవ్వింది. మారెప్ప చొక్కా వదిలి, దాన్ని తన చేత్తోనే సవరించాడు. చిత్రాన్నం అందరికీ తలా పిడికెడు వచ్చింది.

ఆ ఒడ్డున ఏ రాజు ఏం చేశాడో ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, వెంకోబారావు మునిగిపోయిన చోటు మాత్రం ఇప్పటికీ చూపిస్తారు.