ఎడమది రెండు తక్కువ

ఆ ఉదయం బాపయ్య ఇంట్లో మూడు పనులు అనుకున్నారు. కూతురు శ్రీరమ్య తల్లి సుబ్బరావమ్మను గుంటూరు తీసుకువెళ్లి, బ్రాడీపేటలో ఎముకల డాక్టరుకు నడుము నొప్పి చూపించాలి. దారిలో సర్వే ఆఫీసుకు వెళ్లి పొలం కొత్త కొలతల కాగితం తేవాలి. బాపయ్య తోట దగ్గరే ఉండి మిరపకు మందు కొట్టించాలి.

పదకొండింటికి డాక్టరు గదిలోంచి బయటికి రాగానే శ్రీరమ్య ఫోను చేసింది. బాపయ్య పక్కన స్ప్రేయరు ఇంజను మోగుతోంది.

"కొలిచారు నాన్నా. ఎడమది రెండు సెంటీమీటర్లు తక్కువంట."

బాపయ్య చెవికి రెండు సెంట్లని వినపడింది. కూతురు సర్వే ఆఫీసులో ఉందనుకున్నాడు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ అంతేనంట. మనమే గమనించలేదు."

"ఇప్పుడేం చేయమంటారు?"

"కింద ఎత్తు వేయాలంట. ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా."

గట్టు వేయమంటున్నారని బాపయ్యకు అర్థమైంది. "ఇవాళే తేల్చేస్తా" అని ఫోను పెట్టేశాడు.

తోటకు ఎడమవైపు ఇమాం హుస్సేన్ పత్తిచేను. ఇరవై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకటే బోరు. బాపయ్య ఆ చేనుకు పోయే నీళ్లు కట్టేసి మరీ వెళ్లాడు.

"నా రెండు సెంట్లు నీలో ఉన్నాయి హుస్సేనూ. హద్దు ఎట్టా జరిపావు?"

ఇమాం హుస్సేన్ ముఖం మాడిపోయింది. "నీ కంచంలో తిన్నాగానీ నీ నేల తినలేదు. పిలిపించు సర్వేయర్ని."

మాట పెరిగింది. పత్తి తీస్తున్న కూలీలు చేతులాపి నిలబడ్డారు. ఊళ్లోంచి పెద్దమనుషులు వచ్చారు. మూడింటికి గ్రామ సచివాలయం సర్వేయరు వచ్చి, రెండుసార్లు కొలిచాడు.

"ఎక్కువ మీకే ఉంది బాపయ్యగారూ. నాలుగు సెంట్లు. హుస్సేన్‌గారి చేలోంచి వచ్చింది."

అప్పుడే గట్టు పక్కన ఆటో ఆగింది.

"ఏంటి నాన్నా ఈ జనం?"

"నువ్వేగా చెప్పావు, రెండు సెంట్లు తక్కువని."

"అమ్మ కాలు నాన్నా. రెండు సెంటీమీటర్లు."

సుబ్బరావమ్మ ఎడమ చెప్పు విప్పి చూపించింది. మడమ కింద పలుచని మెత్త ఉంది. "దీనికి అలవాటు పడ్డాక ఇంకాస్త మందం చేస్తారంట. నడుము నొప్పి ఇందువల్లేనంట."

ముప్పై ఏళ్లుగా బాపయ్య ముందు నడుస్తూ, త్వరగా రమ్మని కేకలేస్తూ వచ్చాడు. ఏనాడూ ఆగి ఆ నడక చూడలేదు. ఇప్పుడు ఆమె గట్టెక్కబోతుంటే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి ఎందుకో తెలియక ఆమె కాసేపు అలాగే చూసింది. తర్వాత పట్టుకుంది.

"ముందు వదినను కూర్చోబెట్టు. సెంట్ల సంగతి రేపు చూద్దాం" అన్నాడు ఇమాం హుస్సేన్.

"రేపెందుకన్నా, సర్వేయరుగారు ఇక్కడే ఉన్నారుగా" అంది సుబ్బరావమ్మ.

పొద్దు గుంకేలోగా హద్దురాళ్లు మిరపతోటలోకి జరిగాయి, మోసింది బాపయ్యే.