సముద్ర నిపుణుడు నరసింహ

ఆ సోమవారం ఉదయం షమీమ్ పెట్టుకున్న పని ఒక్కటే. అటెండరు నరసింహ పింఛను కాగితాలు పూర్తిచేసి మధ్యాహ్నంలోపు పంపేయాలి. కడపలోని జిల్లా హరిత కార్యాలయంలో ఆమె సీనియర్ అసిస్టెంటు. పందొమ్మిదేళ్లలో ఆమె పంపిన ఫైలు ఒక్కటి కూడా తప్పుల వల్ల వెనక్కి రాలేదని పేరు. నరసింహకు ఇంకా రెండు నెలల సర్వీసుంది. ముప్పై నాలుగేళ్లుగా ఆ కార్యాలయంలో మొక్కలకు నీళ్లు పోసింది, ఫైళ్లు మోసింది, బ్యానర్లు కట్టింది ఆయనే. రిటైరయ్యే ముందు మనిషి మీద చిన్న మెమో పడినా పింఛను ఏళ్ల తరబడి ఆగిపోతుందని షమీమ్‌కు తెలుసు. అందుకే ఆ కాగితాలను ఆమె ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఆమె నరసింహ ఆధార్ నకలు బల్లమీద పెట్టిందో లేదో, అధికారి దేవేంద్రప్ప గారు గదిలోంచి బయటికొచ్చారు. ఆయనది ఆదోని. మంచివాడే గానీ ఎరుపు రంగంటే భయం. వెనకబడిన జిల్లాల పేర్లు సమీక్షలో తెరమీద ఎర్రగా పడతాయి. కిందటి నెల ఆయన జిల్లా అలా పడి, రాష్ట్రమంతా చూస్తుండగా ఆయన లేచి నిలబడాల్సి వచ్చింది. ఇప్పుడు ఢిల్లీ నుంచి మరో ఉత్తర్వు దిగింది. దెబ్బతిన్న సముద్ర తీరాలను బాగుచేయడానికి దేశమంతటా నిపుణుల జాబితా తయారు చేస్తున్నారట. సాయంత్రం ఐదులోపు ప్రతి జిల్లా ఒక పేరు పంపాలట.

"మనకు సముద్రమే లేదు గదా సార్," అంది షమీమ్. "లేదని రాసి పంపిస్తా."

అలా రాయడానికి వీల్లేదని తర్వాత తేలింది. కంప్యూటర్లో వచ్చిన ఆ ఫారంలో 'లేదు' అనడానికి చోటే లేదు. పేరు గడి ఖాళీగా వదిలితే పేజీ కదలలేదు. సున్నా కొడితే, ఆ సున్నాకు ఇంటిపేరు ఏమిటని అడిగింది. నాలుగున్నరకు దేవేంద్రప్ప గారు మూడోసారి వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"ఎవరిదో ఒక పేరు కొట్టమ్మా. ఢిల్లీవాళ్లు ఈడికొచ్చి సూస్తారా ఏమన్నా?"

తన పేరు రాస్తే రేపు తనే జవాబు చెప్పుకోవాలి. పక్క సీటువాళ్ల పేరు రాస్తే ఈరోజే గొడవ. బల్లమీద మాత్రం నరసింహ వివరాలన్నీ పుట్టినతేదీతో సహా సిద్ధంగా ఉన్నాయి. రెండు నెలల్లో వెళ్లిపోయే మనిషి, ఎవరినీ ఏమీ అడగని మనిషి. ఆ ఆలోచన ఎంత నీచమైనదో ఆమెకు అప్పుడు తట్టలేదు. అనుభవం ముప్పై నాలుగేళ్లని రాసింది. నాటిన మొక్కలు లక్ష పైచిలుకు అని రాసింది. ప్రత్యేకత అన్నచోట, జాబితాలో మొదట కనిపించిన మడ అడవుల మీద నొక్కింది. అవి ఉప్పునీళ్లలో పెరిగే అడవులని ఆమె ఎక్కడో చదివింది. పాపం ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఫోన్ నంబరు తనది ఇచ్చింది. ఏ గడికాగడి చూస్తే దాదాపు నిజమే. అన్నీ కలిపి చదివితే మాత్రం దేశంలో అంతటివాడు లేడు.

పది రోజుల తర్వాత ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది హర్షిణి అనే అధికారిణి, ఆ జాబితా పనంతా చూసేది ఆమే. కర్నూలులో పుట్టి ఢిల్లీలో పెరిగిందట, తెలుగు శుభ్రంగా మాట్లాడింది. నరసింహ గారితో మాట్లాడాలంది. షమీమ్ కిటికీలోంచి చూస్తే ఆయన కుళాయి కింద డ్రమ్ము పెట్టి కూర్చున్నాడు. "నీళ్ల దగ్గర ఉన్నారండీ," అంది. రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు ఆయన మొక్కల దగ్గర ఉన్నాడు. మూడోసారి నిజంగానే ఎండలో గుంతలు తీస్తున్నాడు. షమీమ్ ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు మరింత సిగ్గేసింది. హర్షిణికి మాత్రం గౌరవం పెరిగిపోయింది. మిగతా నిపుణులు విమానం టిక్కెట్ల గురించి రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తుంటే, ఈయన పని వదిలి ఫోన్ దగ్గరికి కూడా రావడం లేదు. అంత పనిమంతుణ్ణి ఢిల్లీకి రప్పించడం భావ్యం కాదని, తీరప్రాంత నిపుణులు పన్నెండుమందిని వెంటబెట్టుకుని తామే కడపకు వస్తామంది.

షమీమ్ పరుగున వెళ్లి, ఇప్పుడైనా నిజం చెప్పేద్దామని దేవేంద్రప్ప గారిని బతిమాలింది. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ఇప్పుడు కాదంటే ఎంక్వయిరీ వస్తాది. ఫారంలో పేరు నీది కాదు, నాది కాదు. ఫస్టు మెమో ఆయప్పకే పడేది."

ఆమె తన సీటుకు తిరిగొచ్చింది. నరసింహ కోసమే ఊరుకున్నానని తనకు తాను చెప్పుకుంది గానీ, ఆ మాట ఆమెకే రుచించలేదు.

దేవేంద్రప్ప గారు మాత్రం రెండు రోజుల్లో తేరుకుని ఉత్సాహంలో పడ్డారు. కార్యాలయం ముందు పెద్ద బ్యానరు వేయించారు. వెనక నీలం సముద్రం, ముందు పింఛను కాగితాల్లోని నరసింహ ఫొటో, కింద 'జాతీయ మడ అడవుల నిపుణులకు స్వాగతం'. దాన్ని కట్టమని ఎవరికి చెప్పారో షమీమ్‌కు చాలా ఆలస్యంగా తట్టింది. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి నరసింహ నిచ్చెన ఎక్కి బ్యానరు విప్పుతున్నాడు. ముందు అలలు వచ్చాయి. ఆ తర్వాత తన మొహమే వచ్చింది. ఆయన కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నాలుగు మూలలూ వంకర లేకుండా బిగించి కట్టి, కిందికి దిగి, మిగిలిన తాడు చుట్టి పెట్టాడు. ఆ మధ్యాహ్నం మూడు రోజుల సెలవు చీటీ ఆమె బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. కారణం సొంత పని అని రాశాడు.

ఆ మూడు రోజులూ షమీమ్‌కు అన్నం సహించలేదు. యూనియన్‌కు చెబుతాడేమో అనుకుంది. చెప్పినా న్యాయమే అనుకుంది. చివరికి ఉండబట్టలేక వేంపల్లెలోని ఆయన ఇంటికి ఫోన్ చేస్తే, భార్య లక్ష్మీదేవమ్మ తీసింది. యాడికి పోతాండాడో తనకూ చెప్పలేదని, కొత్త చొక్కా మటుకు తొడుక్కుని పోయాడని చెప్పింది. అంతటితో ఆగలేదు.

"బ్యానరు ఫొటో ఊరంతా సూసినారు మేడం. ఇన్నేండ్లకు మా ఆయప్ప పని కూడా ఒకరి కంట్లో పడిందే అనుకున్యాం. పేరు రాసింది మీరేనంట గదా. మీ పిల్లలు సల్లగుండాల."

షమీమ్ ఫోన్ పెట్టేసి, బాత్‌రూములోకి వెళ్లి మొహం కడుక్కుంది. అద్దంలోకి మాత్రం చూడలేదు.

ఢిల్లీవాళ్లు వచ్చిన సభ రోజు ఎండ నలభై మూడు డిగ్రీలు. వచ్చినవాళ్లలో ఒకాయన ఒరిస్సా నుంచి మడ మొక్కను బకెట్లో ఉప్పునీళ్లతో సహా రైల్లో మోసుకొచ్చాడు, మహానుభావుడికి కానుకగా ఇద్దామని. కార్యాలయం హాల్లో వేదిక మీద అయిదు కుర్చీలు వేశారు. సరిగ్గా పదింటికి నరసింహ వచ్చాడు. ముక్కు మీద తోలు ఎండకు పొరలు లేచి ఉంది. హర్షిణి ఎదురెళ్లి నమస్కారం పెట్టి, ఆయన్ను నడిమి కుర్చీలో కూర్చోబెట్టింది. మైకు కూడా మొదట ఆయనకే ఇచ్చింది.

"నా పేరు నరసింహ. ఈ ఆఫీసులో అటెండర్ని. మొన్న బేస్తవారం దాకా నేను సముద్రం సూళ్లేదు."

దేవేంద్రప్ప గారు కళ్లు మూసుకున్నారు. నరసింహ నిదానంగా చెప్పుకుపోయాడు. ఆయన బస్సెక్కి నెల్లూరు అవతల తీరంలో ఒక పల్లెకు పోయాడు. అక్కడ రెజీనా అనే ఆమె కాలువల్లో పీతలు పట్టుకుని బతుకుతుంది. రెండు రోజులు ఆమె వెంట బురదలో తిరిగాడు.

"మూడేండ్ల నుంచి ఆడ మడ మొక్కలు నాటతానే ఉండారంట, నాటినవి నాటినట్టే సచ్చిపోతాండాయంట. ఎందుకమ్మా అంటే, నీళ్లు వచ్చి పోయే తావు ఇడ్సిపెట్టి, సూసేకి వచ్చే సార్ల కార్లు నిలబడే తావులో నాటినారు అనె. మరి ఎవరికన్నా చెప్పినావా అంటే, నన్నెవరూ అడగలేదు అనె. నిపుణులు కావాలంటే ఆయమ్మను పిలవండి సార్. నంబరు రాసుకొచ్చినా."

పన్నెండుమందిలో నలుగురు కాగితాల్లోకి తలలు దించుకున్నారు. అలాంటి మొక్కలు తమ నివేదికల్లో ఎన్ని పచ్చగా ఉన్నాయో వాళ్లకు తెలుసు. నరసింహ మైకు తిరిగి ఇవ్వబోతూ ఆగాడు.

"ఇంగొక మాట. నన్ను పంపించింది షమీమ్ మేడం. పోయి కండ్లారా సూసి రమ్మన్యారు."

హాలంతా చప్పట్లు. ఒక అటెండరును మూడు రోజులు తీరానికి పంపిన ఉద్యోగిని దేశంలో ఎక్కడా చూడలేదని హర్షిణి అంది. దేవేంద్రప్ప గారు కళ్లు తెరిచి, నరసింహ కోసం తెప్పించిన శాలువాతో షమీమ్ వైపు ఉషారుగా నడిచారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ శాలువా భుజాన పడితే బతుకంతా దాన్ని మోయాల్సిందే అనిపించింది. లేచి నిలబడింది.

"నేను పంపలేదు," అంది. "ఫారం నేనే నింపినా. ఎవరో ఒకరి పేరు కావాలంటే, ఈయనైతే ఎదురు అడగడని ఈయన పేరు రాసినా. ఆయనకు చెప్పనుకూడా లేదు. బ్యానరు కట్టేటప్పుడు తెలుసుకున్యాడు. తప్పంతా నాది, ఆయన పింఛనుకు అడ్డం రానీయొద్దండి."

దేవేంద్రప్ప గారు శాలువాను మడత పెట్టి, అది ఎవరిదో తెలియనట్టు బల్లమీద వదిలేశారు. నరసింహ బాధగా షమీమ్ వైపు చూశాడు.

"ముప్పై నాలుగేండ్లలో ఒకే ఒక్క అబద్ధం చెప్పినా మేడం. అది గూడా నిలబడనీలేదే మీరు."

అప్పుడు ఏడవాలో నవ్వాలో షమీమ్‌కు తెలియలేదు. రెండూ వచ్చాయి, హాల్లో అందరి ముందూ. హర్షిణి మైకు తన చేతిలోకి తీసుకుంది. తర్వాత, ఫారం నింపినవారు సంజాయిషీ రాసి ఇవ్వాలని, నరసింహ సర్వీసు కాగితాల్లో దీని ప్రస్తావన ఉండదని చెప్పింది. రెజీనాను మూడేళ్లుగా అడగనివాళ్లలో తామూ ఉన్నామంటూ, ఆ నంబరును తనే రాసుకుంది. నరసింహను మాత్రం కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆ బురద సంగతి మొదటినుంచి మళ్లీ చెప్పమంది, ఈసారి పన్నెండుమందీ రాసుకోవడం మొదలుపెట్టారు.

మధ్యలో ఎవరో మంచినీళ్లు అడిగారు. అలవాటు కొద్దీ కార్యాలయం వాళ్లందరూ నరసింహ వైపు చూశారు, అలవాటు కొద్దీ ఆయనా సగం లేచాడు. షమీమ్ ఆయన్ను కూర్చోమని సైగ చేసి, తనే వెళ్లి కుండలోంచి నీళ్లు ముంచి, అయిదు గ్లాసుల ట్రే పట్టుకుని వేదిక ఎక్కింది. మొదటి గ్లాసు నరసింహకు అందించింది. ఆయన మొహమాటపడుతూనే తీసుకుని, తాగి, ఇంకో గ్లాసు కావాలన్నాడు.

ట్రేలో నీళ్లు సరిగ్గా నాలుగు కుర్చీలకే వచ్చాయి. దేవేంద్రప్ప గారిది అయిదోది.