నడిమధ్యన పొయ్యి

ఆ గురువారం పొద్దున షాయిస్తా అనుకున్న పని చాలా చిన్నది. గురుస్వామి టిఫిన్ హోటల్ తరఫున ఒక కృతజ్ఞతల పోస్టరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసి, చెల్లెలు ఉజ్మాతో కలిసి టైలరు దగ్గరికి పోవాలి. మార్కాపురంలో కొన్ని దుకాణాలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు చూసుకోవడం ఆమె ఉద్యోగం. విజిటింగ్ కార్డు మీద 'పబ్లిక్ రిలేషన్స్' అని ఉంటుంది. ఇంట్లో మాత్రం దాన్ని 'ఫోను నొక్కే పని' అంటారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయి ఆ హోటల్ ఆర్నెల్లు మూతపడింది. శుక్రవారం మళ్ళీ తెరుస్తున్నారు. జనం వేరే హోటళ్ళకు అలవాటు పడిపోయారేమోనని గురుస్వామికి బెంగ. "ఈసారి జనం రాకుంటే ఇంక తాళమే తల్లీ. నీ పోస్టరే నాకు దిక్కు," అన్నాడు. కష్టంలో ఆదుకున్న నలుగురి పేర్లు ఫోన్లో చెప్పాడు. షాయిస్తా ఆయన బొమ్మ మధ్యన పెద్దదిగా, చుట్టూ గుండ్రంగా ఆ నలుగురి మొహాలు పెట్టి వదిలింది. మన ఊళ్ళలో ఫ్లెక్సీ కట్టించిన అనుభవం ఉన్నవాళ్ళకు తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు.

మొదటి ఫోను పాలు పోసే యల్లయ్యది.

"ఏంది పాపా, హోటల్ మూసినాక కూడా ఆయనకు పాలు మానేసినానా నేను? నా మొహం ఏది?"

న్యాయమే కదా అని చేర్చింది. కాసేపటికి అదే నంబరు నుంచి ఆయన భార్య పుల్లమ్మ పలికింది. "పోసేది ఆయనే పాపా. పితికేదెవరో మా బర్రెల్ని అడుగు."

పుల్లమ్మనూ చేర్చింది. ఈలోగా టెంటుహౌస్ హరికృష్ణ అలిగాడు. "కుర్చీలు ఉత్తపుణ్యానికి ఇచ్చినోణ్ణి చెల్లీ. పాలాయన కంటే నా తలకాయ చిన్నగుంటే వీధిలో ఎట్ల తిరిగేది?"

అందరి తలలూ ఒకే కొలతకు తెచ్చింది. ఆ తర్వాత గ్యాసు బండలు మోసినవాళ్ళు, విస్తళ్ళు ఇచ్చినవాళ్ళు, మంచిమాట చెప్పినవాళ్ళు వరసగా వచ్చి చేరారు. మధ్యాహ్నానికి ఒక్కో మొహం బొట్టుబిళ్ళంత అయింది. అప్పుడు లోపలి నుంచి షాయిస్తా నాయనమ్మ మాబూబీ వచ్చింది. హోటల్ లేనన్నాళ్ళూ గురుస్వామి ఇడ్లీలు వేసుకున్నది ఈవిడ పెరట్లోనే.

"అందరినీ పెట్టినావు. నేను గుర్తుకు రాలే?"

"నీకు ఫొటో అంటే గిట్టదు కదా దాదీ?"

"నా మొహం ఎందుకు? నా పొయ్యి పెట్టు. ఆర్నెల్లు మండింది అదే."

పొయ్యికి చోటెక్కడుంది? గురుస్వామి బొమ్మను కాసేపు పక్కకు తీసి, పొయ్యిని కింద దాదీ పేరుతో మధ్యన పెట్టి సర్దుతుంటే హరికృష్ణ మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి జుట్టు సరిగా రాలేదట. ఆయన్ని సముదాయిస్తూనే షాయిస్తా పోస్టరు పంపేసి టైలరు దగ్గరికి పోయింది. గురుస్వామి మాత్రం తిరిగి పోస్టరెక్కలేదు.

ఓనరు మొహం లేని పోస్టరును ఈ తట్టు జనం ఒక్క రకంగానే అర్థం చేసుకుంటారు. సాయంత్రానికి ఊళ్ళో మాటల్లో గురుస్వామి హోటల్‌ను మాబూబీకి అమ్మేశాడు. ఆ మాట పొదిలి చేరేసరికి సామాను సర్దుకున్నాడు. దర్శిలో ఆయన అప్పటికే రైలెక్కాడు. షాయిస్తా తండ్రి అబ్దుల్ రెహమాన్‌ను మసీదు దగ్గర ఆపి, "ముబారక్ భాయ్, హోటల్ తీసుకున్నారంట," అని చేతులు పట్టుకున్నారు.

అప్పుడు గురుస్వామి ఫోను. "నా హోటల్లో నేను లేను తల్లీ," అన్నాడు. అరిచినా బాగుండేది. షాయిస్తా అప్పటికప్పుడు దిద్దిన పోస్టరు పెట్టింది కానీ దాన్ని ఎవరూ చూడలేదు. పొయ్యి పోస్టరును ఫార్వర్డ్ చేయడంలో ఊరంతా తీరిక లేకుండా ఉంది.

శుక్రవారం పొద్దున, క్షమించమని అడిగి పని మానుకుందామని పోయింది. హోటల్ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. టిఫిన్ కోసం కాదు, గురుస్వామిని ఆపడానికి వచ్చారు.

"నువ్వు పోతే మేమేం గావాల స్వామీ?" అన్నాడు యల్లయ్య, పాలక్యాను కింద పెట్టి.

"బేరం ఎనక్కి తీసుకో. మాబూబీతో నేను మాట్లాడతా," అన్నాడు హరికృష్ణ.

ఇడ్లీపాత్ర మూత చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు గురుస్వామి. ఆయన కళ్ళు తడిశాయి. "నేనేడికీ పోలేదు. నాకు ఇంతమంది ఉండారని తెలీదు. ముందు తినండి," అన్నాడు. ఇడ్లీలు అయిపోయాయి, దోసెలపిండీ అయిపోయింది, ఎవరూ కదల్లేదు. ఆయన షాయిస్తాకు చేతులు జోడించాడు. "నువ్వు చేసిన తప్పుకు రుణపడి ఉంటా తల్లీ. ఆ పొయ్యిని అట్లనే ఉండనీ." చిన్న మొహాలకు అలిగిన ఆ మనుషులందరి మీదా షాయిస్తాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

గురుస్వామి స్టూలెక్కి ఒక్కొక్కరికీ పేరుపేరునా దండం పెట్టాడు. బర్రెలను కూడా మరిచిపోలేదు. లోపల, పెళ్ళయిన నాటి నుంచి పిండి రుబ్బుతున్న ఆయన భార్య సుబ్బరత్నమ్మ గరిటె పక్కన పెట్టింది.

"అందరూ అయినారా?" అని అడిగింది.

గురుస్వామి స్టూలు దిగి, దిక్కుతోచక షాయిస్తా వంక చూశాడు.

ఆ సాయంత్రం కొత్త పోస్టరు వచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుబ్బరత్నమ్మ ఒక్కతే ఉంది. దాని మీద ఊళ్ళో నుంచి ఒక్క ఫోనూ రాలేదు.